ఈ-పుస్తక సూత్రానికి ఔటర్‌రింగు వ్యాఖ్య

అవతారిక

మెదక్ దగ్గర కొల్చారం అనే ఊరుంది. పాతపేరు కోలాచలం. కాళిదాసు కావ్యాలకు సంజీవని, మాఘుడి కావ్యానికి సర్వంకష, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు ఆ ఊరిదే. ఆధారం లేని మాట రాయననీ, అక్కర్లేని మాట చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. తరవాతి వ్యాఖ్యాతల్లో ఆ నియమం మొదటి సగాన్ని పాటించినవాళ్లు కొందరైనా ఉన్నారు. రెండో సగం జోలికి పోయినవాళ్లు బహు తక్కువ.

ఘంటాపథమంటే రాజమార్గం. కోలాచలం నుంచి హైదరాబాదు వైపు వచ్చేవాడికి ఇవాళ తగిలే రాజమార్గం ఔటర్‌రింగు రోడ్డు. 158 కిలోమీటర్లు ఊరంతా చుట్టి బయల్దేరిన చోటికే చేరుస్తుంది, దిగిన చోటల్లా సుంకం కట్టించుకుంటుంది. పుస్తకాల మీద పన్ను గురించిన వ్యాఖ్యకు ఇంతకంటే తగిన పేరు దొరకదు కనక దీనికి ఔటర్‌రింగు వ్యాఖ్య అని నామకరణం జరిగింది.

శాస్త్రం మొదలెట్టేముందు నాలుగు అనుబంధాలు చెప్పాలి. విషయం: ఈ-పుస్తకం పుస్తకమా, కాదా. ప్రయోజనం: మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ తగవు త్వరగా తేలి, జనం సీట్లకు వెళ్లడం. సంబంధం: సూత్రానికీ జేబుకూ ఉన్నది. అధికారి: మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఉద్యోగం చేసేవాడు. ఇక్కడ అధికారి అంటే జీఎస్టీ అధికారి కాదు, ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు అని అర్థం.

అతడే ఎందుకు అర్హుడంటే, తెర మీద కనిపించేదంతా నిజమని ఒప్పుకుని బతికేది అతడే గనక. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచి ఈ ప్రాంతంలో తయారయ్యే సరుకంతా కంటికి కనబడని సరుకే. జీతం తెర మీద అంకెగా పడితే అది ఉత్తుత్తి జీతమని ఎవరూ అనరు. తిరుమల దర్శనం టికెట్టు ఫోన్లో ఉన్నా క్యూలో నిలబెడతారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని సందేహాలూ పుట్టుకొస్తాయి.

లోకవ్యవహారం ఎలా ఉందో చూపడానికి ఒక ఉదాహరణ. కొండాపూర్ అపార్టుమెంటులో కొడుకు సోఫాలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. తెనాలి నుంచి వచ్చిన తండ్రి అరగంట ఓర్చుకున్నాడు.

“ఏరా, ఆదివారం కూడా ఆ ఫోను వదలవా?”

“పుస్తకం చదువుతున్నా నాన్నా.”

“పుస్తకమైతే పుస్తకంలా కనబడొద్దటరా? నువ్వు చదువుతున్నావో, బేరాలు చూస్తున్నావో నాకెట్లా తెలుస్తుంది?”

ఈ వాదాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. అచ్చు పుస్తకం చదివేవాణ్ణి చూస్తే చదువుతున్నాడని ఎదుటివాడికి తెలుస్తుంది, అట్ట చూస్తే ఏం చదువుతున్నాడో కూడా తెలుస్తుంది. రాయదుర్గం నుంచి అమీర్‌పేట వచ్చే మెట్రోలో వందమంది ఫోన్ల మీదికి వంగి ఉంటే, అందులో నవల చదివేది ఎవరో, రీల్స్ చూసేది ఎవరో ఏ మల్లినాథుడూ చెప్పలేడు.

మూలం

ఈ తగవు తీర్చే పద్యం ఏ కావ్యంలోనూ లేదు. కేంద్ర ప్రభుత్వపు జీఎస్టీ నోటిఫికేషన్‌లో మాత్రం ఒక వాక్యం ఉంది. దాని తెలుగుసేత ఇది:

ఈ-బుక్ అనగా, ముద్రిత గ్రంథమునకు ఎలక్ట్రానిక్ రూపమై, ఆన్‌లైన్‌లో సరఫరా చేయబడి, కంప్యూటరులో గాని చేతిలో పట్టుకొను పరికరములో గాని చదువుటకు వీలైనది.

ఇది గద్యం. యతి లేదు, ప్రాస లేదు, శాతం మాత్రం ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకం మీద పన్ను సున్నా. ఈ-పుస్తకం ఆన్‌లైన్ సేవల పద్దులో పడి 18 శాతానికి చిక్కింది. ఒకే నవల, అదే రచయిత, అవే అచ్చుతప్పులు. కాగితం మీద కొంటే పన్ను లేదు, తెర మీద కొంటే నూటికి పద్దెనిమిది. ఏడాది తరవాత జీఎస్టీ కౌన్సిల్ దాన్ని 5కి దించింది. 2018 జూలై 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ తగ్గింపు ఎవరికి దక్కుతుందో, ఎవరికి దక్కదో తేల్చడానికి పుట్టినదే ఈ సూత్రం.

ప్రతిపదార్థం

ఈ-బుక్ = ఈ-పుస్తకము;
అనగా = పన్ను వేసేవాడి దృష్టిలో;
ముద్రిత గ్రంథమునకు = అచ్చయిన పుస్తకానికి, అంటే 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం పట్టికలో 4901 అనే గడిలో ముందే కూర్చున్నదానికి;
ఎలక్ట్రానిక్ రూపమై = ఫైలుగా మారినదై;
ఆన్‌లైన్‌లో = చేతికి ఇవ్వకుండా;
సరఫరా చేయబడి = పంపబడి (‘అమ్మబడి’ అనలేదని గుర్తించవలెను);
కంప్యూటరులో గాని = ఆఫీసు పని జరుగుతున్నట్టు కనబడుచు గాని;
చేతిలో పట్టుకొను పరికరములో గాని = పడుకుని, ముఖము మీద పడవేసుకొనుచు గాని;
చదువుటకు వీలైనది = చదవదగినది (చదివి తీరవలెనన్న నియమము లేదు).

‘ముద్రిత గ్రంథమునకు’ అన్న పదం మీద విచారం

సూత్రమంతటికీ ఆయువుపట్టు ఈ షష్ఠీ విభక్తి. దీని ప్రకారం ఈ-పుస్తకానికి తండ్రి ఉండాలి, ఆ తండ్రి కాగితమై ఉండాలి. అచ్చయిన నవలకు తెర రూపం వస్తే అది ఈ-పుస్తకం, పన్ను 5. అచ్చు మొహం చూడకుండా నేరుగా తెర మీద పుట్టిన నవలకు ఈ నిర్వచనంలో చోటు లేదు, కాబట్టి 5 శాతం గడిలోనూ చోటు లేదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, “కాగితమే మూలం, తెర దాని నీడ. ఇందులో తప్పేముంది?” అని అడుగుతాడు.

అతడికి కడప చూపించాలి. సి.పి. బ్రౌన్ అక్కడ సొంత బంగళాలో పండితులను, లేఖకులను జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలు సేకరించాడు, ప్రతులతో ప్రతులు సరిచూయించాడు, కాగితం మీదికి ఎత్తి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. అప్పట్లో ఎవరైనా ఇలాంటి సూత్రం రాసి ఉంటే ‘ముద్రిత గ్రంథమనగా తాళపత్రమునకు కాగితపు రూపము’ అని ఉండేది. తాటాకు తండ్రి లేని అచ్చు పుస్తకం పుస్తకమే కాకుండా పోయేది. ఆ లెక్కన గురజాడ మొదలుకొని నిన్నటి నవలాకారుడి దాకా ఎవరికీ పుస్తకం లేనట్టే. ఏ కాలానికి ఆ కాలం తన వెనకటి వస్తువునే అసలుగా పెట్టుకుంటుందని ఇక్కడ తేలుతోంది.

చట్టాలన్నీ ఈ విషయంలో ఒక్క మాట మీదే ఉన్నాయి. అచ్చయిన ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు ప్రతులను చెన్నై కన్నెమరాతో సహా మూడు గ్రంథాలయాలకూ పంపాలని 1954 చట్టం శాసించింది. ఆ చట్టంలో పుస్తకమంటే అచ్చు వేసింది, లేదా లిథోగ్రాఫ్ చేసింది. 1867 నాటి ముద్రణ, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. పత్రికలను ఉంచి పుస్తకాల ఊసే తీసేసింది. తెర మీది పుస్తకాన్ని లోపలికి పిలుస్తారేమోనని చూస్తే కాగితం పుస్తకాన్నే బయటికి పంపారు.

మరో విశేషం. సున్నా పన్ను గడిలో అచ్చు పుస్తకాల పక్కనే బ్రెయిలీ పుస్తకాలనూ చేర్చారు. బ్రెయిలీలో సిరాచుక్క ఉండదు, ఒత్తిన చుక్కలే ఉంటాయి. సిరా లేకపోయినా, కంటితో చదవకపోయినా పుస్తకం కావచ్చని ఆ గడిలోనే ఒప్పుకున్నారు. అంధులు ఇవాళ తెర మీది అక్షరాన్ని ఫోను చేత చదివించుకుని వింటున్నారు. అదే చూపు లేని పాఠకుడు అదే పుస్తకాన్ని ఒత్తిన చుక్కల్లో తాకితే సున్నా, ఫైలుగా కొని వింటే ఐదు. ఈ వ్యత్యాసానికి సమర్థన ఏ వ్యాకరణంలోనూ దొరకలేదు.

‘ఎలక్ట్రానిక్ రూపమై’ అన్న పదం మీద విచారం

రూపమంటే ఏ రూపం? తెలుగులో రెండు రకాల రూపాలున్నాయి. అక్షరరూపం, బొమ్మరూపం.

అక్షరరూపంలో ఉన్న పుస్తకం ఫోను వెడల్పును బట్టి పంక్తులు సర్దుకుంటుంది, అక్షరం పెంచుకుంటే పెరుగుతుంది, ఒక మాట కోసం వెతికితే చూపెడుతుంది. బొమ్మరూపం అలా కాదు. డెమ్మీ సైజు పేజీని ఉన్నదున్నట్టు ఫొటో పట్టినట్టుంటుంది. ఫోన్లో దాన్ని చదవడమంటే రెండు వేళ్లతో సాగదీసి, పంక్తి చివరిదాకా కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాగి, ఈలోగా ఏ పంక్తిలో ఉన్నామో మరిచి, మళ్లీ మొదలెట్టడం. ఈ-పుస్తకం మీద తెలుగు పాఠకుడికి ఉన్న కోపంలో సగం నిజానికి ఈ రెండువేళ్ల కసరత్తు మీది కోపం.

తెలుగు ఈ-పుస్తకాలు ఇన్ని బొమ్మరూపంలోనే ఎందుకుండిపోయాయి? జవాబు డీటీపీ గదుల్లో ఉంది. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగుకు 128 గడులు దక్కాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. ప్రచురణ రంగం మాత్రం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కాపురం చేసింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల గడుల్లో అద్దెకుంటుంది. కాగితం మీదికి వచ్చేసరికి చూడముచ్చటగా ఉంటుంది. వేరే ఫాంటులోకి తెస్తే మాత్రం ‘అమ్మ’ ఉండాల్సినచోట రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక డాలరు గుర్తు, ఒక సున్న కనబడతాయి. కాబట్టి ఏళ్ల తరబడి తెలుగు పుస్తకం ‘ఎలక్ట్రానిక్ రూపం’ అంటే ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్ ఫైలే. ఇప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు ఎక్కడ ఊడిపడ్డాయో కూర్చుని చూసే ప్రూఫ్ రీడర్ ఖర్చు ఎవరు పెట్టాలన్నదే మిగిలిన చిక్కు.

బొమ్మరూపానికి ఇంకో శాఖ ఉంది, దాని కథ గచ్చిబౌలిలోనే నడిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను తెరకెక్కించాలని సంకల్పించాడు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. బెంగళూరు ఐఐఎస్సీతో పాటు, అప్పట్లో ఆయన పాలకమండలికి అధ్యక్షుడుగా ఉన్న హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి పెద్ద స్కానింగ్ కేంద్రమైంది. 2007 నవంబరులో కార్నెగీ మెలన్ ప్రకటించిన లెక్క ఇది: మొత్తం 15 లక్షల పుస్తకాలు, అందులో చైనా భాషవి 9,70,000, ఇంగ్లీషువి 3,60,000, తెలుగువి 50,000. అరబిక్ మన తరవాత, 40,000. ప్రపంచ పట్టికలో చైనా భాష, ఇంగ్లీషు, వాటి వెనకే తెలుగు అన్న వరస ఇంకెక్కడైనా కనబడితే వ్యాఖ్యాతకు తెలియజేయవలెను.

ఆ ప్రతుల్లో రూపం ఎంత రూపమో దగ్గర్నుంచి చూడాలి. పేజీ వాలిపోయి ఉంటుంది. మార్జినులో స్కాను చేసినవాడి బొటనవేలు నిలిచిపోయి ఉంటుంది. ఏదో గ్రంథాలయం గుండ్రటి ముద్ర, దాని మీద పెన్సిల్‌తో కొట్టేసిన నంబరు, ఎవరో పెళ్లికి బహుమతిగా ఇస్తూ రాసిన రెండు వాక్యాలు, చెదపురుగు తొలిచిన దారి, అన్నీ అలాగే ఉంటాయి. పుస్తకాల పేర్లు మాత్రం రోమన్ లిపిలో ఎక్కించినవాడికి తోచిన స్పెల్లింగుతో ఉంటాయి. కావలసిన కావ్యం దొరకాలంటే అసలు పేరు తెలిస్తే చాలదు, దాన్ని ఎన్ని విధాల తప్పు రాయొచ్చో కూడా తెలియాలి. తరవాత కాపీరైటు చిక్కుల్లో ఆ వెబ్‌సైటు మూతపడింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకళ్లు వెళ్లడంతో పుస్తకాలు మిగిలాయి. మళ్లీ అచ్చు కాని ఎన్నో పాత తెలుగు పుస్తకాలకు ఇవాళ పాఠకుడి చేతికందే ప్రతి ఆ బొటనవేలున్న ప్రతే. కాగితం తండ్రి ఏ బీరువాలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు, కొడుకు మాత్రం తిరుగుతున్నాడు.

‘ఆన్‌లైన్‌లో సరఫరా చేయబడి’ అన్న పదాల మీద విచారం

సూత్రకారుడు ‘అమ్మబడి’ అనకుండా ‘సరఫరా చేయబడి’ అనడం పన్నుల పరిభాష కావచ్చు. అయినా తెలిసో తెలియకో నిజమే పలికాడు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే, డబ్బిచ్చిన మరుక్షణం నుంచి దాని మీద అమ్మినవాడికి హక్కు లేదు. పక్కింటివాడికి ఎరువివ్వొచ్చు, అతడు తిరిగివ్వకపోతే తిట్టుకోవచ్చు, చదివేసి అదే ఫుట్‌పాత్ మీద సగం ధరకు అమ్మెయ్యొచ్చు. ఈ-పుస్తకం చాలా దుకాణాల్లో లైసెన్సు మాత్రమే. నిబంధనల్లో అలా రాసే ఉంటుంది, కిందికంటా వెళ్లి చదివినవాడు లేడు.

దీనికి ప్రమాణంగా మూడు ఉదాహరణలు. 2009 జూలైలో అమెరికాలో కొందరి అమెజాన్ కిండిల్ పరికరాల నుంచి ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ రాత్రికి రాత్రి మాయమయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు హక్కులు లేవని తేలడంతో అమెజానే వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చింది. తరవాత ఆ సంస్థ అప్పటి అధిపతి బెజోస్ క్షమాపణ చెప్పాడు. ప్రజల మీద నిఘా గురించిన నవలే దొరికిందా వాళ్లకు అని లోకమంతా నవ్వింది. రెండోది 2019 నాటిది. మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. జూలైలో కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. డబ్బు మొత్తం తిరిగిచ్చారు, పుస్తకంలో గీతలు గీసుకుని నోట్సు రాసుకున్నవాళ్లకు ఇంకో 25 డాలర్లు కలిపారు. ఆ సంస్థకు గచ్చిబౌలిలో విశాలమైన ప్రాంగణం ఉంది, అధిపతి సత్య నాదెళ్ల బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవాడు. మూడోది, 2025 ఫిబ్రవరి 26. కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని తీగతో ఎక్కించుకునే సదుపాయాన్ని అమెజాన్ ఆ రోజుతో తీసేసింది.

కోఠీలో పుస్తకాల కొట్టు మూతపడితే, ఆ కొట్టువాడు కొన్నవాళ్ల ఇళ్లకు వచ్చి అలమరల్లోంచి పుస్తకాలు పట్టుకుపోయి, దుమ్ము దులిపినందుకు ఇంత అని చేతిలో పెట్టడం ఎన్నడూ వినలేదు.

అలాగని సరఫరా అంతా చెడ్డదని కాదు. హైదరాబాదులోనే మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాలను అమ్మడంతో పాటు అద్దెకూ ఇచ్చింది. అద్దె అని చెప్పి అద్దెకిస్తే తగవే లేదు. డాలస్‌లో ఉన్న తెలుగు పాఠకుడికి తపాలా ఖర్చు పుస్తకం వెలను మించే రోజుల్లో అది మేలు చేసింది. మన బజార్లలో రోజుకింత అని నవలలు అద్దెకిచ్చిన కొట్ల నుంచి తెచ్చుకుని చదివినవాళ్లెవరూ తాము చదివింది పుస్తకం కాదనుకోలేదు.

‘చేతిలో పట్టుకొను పరికరములో’ అన్న పదం మీద విచారం

ఫోను ఒకటి, ఈ-రీడర్ ఒకటి. సూత్రకారుడు రెంటినీ ఒకే గాట కట్టాడు, చదివేవాడికి అవి రెండు లోకాలు. ఫోను తెర వెలుతురును కళ్లలోకి కొడుతుంది. ఈ-రీడర్ తెరలో వెంట్రుక మందపు గుళికలుంటాయి, వాటిలో నల్లరేణువులు, తెల్లరేణువులు తేలుతుంటాయి. కరెంటు తగిలినప్పుడు ఏవి పైకి వస్తే ఆ రంగు కనబడుతుంది. పేజీ తిప్పేటప్పుడే కరెంటు కావాలి, నిలిచిన పేజీకి అక్కర్లేదు. ఫోన్లో చదువుతుంటే నాలుగో పంక్తిలో డెలివరీ కుర్రాడు గేటు దగ్గరున్నాడని, అయిదో పంక్తిలో సెక్యూరిటీ పంపమంటారా అని అడుగుతున్నాడని తెలుస్తుంది. ఈ-రీడర్‌కు ఆ లోకజ్ఞానం లేదు.

చదివినది తలకెక్కుతుందా అన్న ప్రశ్నకు పరిశోధకులు కొంత జవాబిచ్చారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం అంతకుముందు జరిగిన 54 అధ్యయనాలను, 1,70,000కు పైగా పాఠకుల లెక్కలను కలిపి చూసింది. సమాచారం కోసం చదివేటప్పుడు, అందులోనూ గడువు తరుముతున్నప్పుడు, కాగితానిదే పైచేయి. కథల దగ్గర తేడా కనబడలేదు. 2019లో నార్వే, ఫ్రాన్సు పరిశోధకులు 50 మందికి 28 పేజీల మిస్టరీ కథనిచ్చారు, సగం మందికి పుస్తకంలో, సగం మందికి కిండిల్‌లో. చాలా ప్రశ్నలకు రెండు జట్లవాళ్లూ ఒకేలా జవాబు చెప్పారు. ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అని వరస పెట్టమంటే మాత్రం కిండిల్‌వాళ్లు తడబడ్డారు. ఎడమచేతిలో పెరిగే పేజీలూ కుడిచేతిలో తరిగే పేజీలూ కథ ఎంతదాకా వచ్చిందో చేతికి చెబుతాయని, ఆ గుర్తు తెరకు లేదని వాళ్ల ఊహ. ఇంజనీరింగ్ సిలబస్ పీడీఎఫ్ చదివి పరీక్ష తప్పినవాడు దీన్ని తండ్రికి ప్రమాణంగా చూపవచ్చును.

అలంకార విచారం

ఈ సూత్రంలో అలంకారం లేదు, సూత్రం నడిచే ఊళ్లో ఉంది. అది విరోధాభాసం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌కు భారతీయ భాషల పుస్తకాలు తెస్తున్నట్టు ప్రకటించింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2019 ఆగస్టు 21న అదే సంస్థ నానక్‌రామ్‌గూడలో 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు తెరిచింది. విస్తీర్ణంలో అప్పటికి తనకు ప్రపంచంలో ఉన్న భవనాలన్నిటికంటే పెద్దది, 15,000 మంది కూర్చోవడానికి సరిపోయేది. కిండిల్ మొదటి వరసలో చోటు దక్కని భాష మాట్లాడే ఊళ్లోనే దాన్ని చేసే సంస్థకు అతి పెద్ద ఇల్లు. ఆ ఆఫీసు లిఫ్టుల్లో వినబడే తెలుగుకు తక్కువేం లేదు.

పూర్వపక్షం

కాగితం పక్షంవాళ్లు ముందు వాసన తెస్తారు. కొత్త పుస్తకం వాసన, పాత పుస్తకం వాసన. ఇది అనుభవప్రమాణం గనక ఖండించరాదు. తరవాత శాశ్వతత్వం తెస్తారు: కాగితం నిలుస్తుంది, ఫైలు పోతుంది. దీన్ని ఖండించవచ్చు. 2000 ఆగస్టులో కుండపోత కురిసి నాలాలు పొంగినప్పుడు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అక్కడి ఉర్దూ పరిశోధన కేంద్రం పుస్తకాలు మునిగిపోయాయి. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి జీవితకాలం కూడబెట్టిన పుస్తకాలు, పత్రికలు అవి. ఆరబెట్టి, బాగుచేసి దక్కించుకున్నంత దక్కించుకున్నారు, తెరకూ ఎక్కించారు. వరదలో తడిసినదానికి ఫైలే దిక్కయింది.

తెర పక్షంవాళ్లు చోటు సంగతి తెస్తారు. మణికొండలో రెండు పడగ్గదుల అద్దె ఇంట్లో మూడువేల పుస్తకాలు ఎక్కడ పెట్టాలి, ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలు ఎవరు మొయ్యాలి అంటారు. రచయితలకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వెయ్యి ప్రతులు అచ్చేయించి, అమ్ముడుపోనివాటిని మంచం కింద దాచుకున్న కుటుంబాలకు వాటి బరువు నడుములే చెబుతాయి. దీనికి కాగితం పక్షంవాళ్ల దగ్గర సమాధానం లేదు. అంత మాత్రాన ఫైలు మంచం కింద ఉండదు కనక అమ్ముడుపోయినట్టేననడం కుదరదు.

పాఠాంతరాలు

దేశాంతర ప్రతుల్లో సూత్రం వేరుగా ఉంది. యునెస్కో 1964 పాఠంలో పుస్తకమంటే అట్టలు కాక కనీసం 49 పేజీలున్న అచ్చు ప్రచురణ, పత్రిక కానిది. 48 పేజీలైతే అది కరపత్రం జాతిలో పడుతుంది. ఈ పాఠం తీసుకుంటే జేబులో పట్టే సన్నపాటి శతకాలెన్నో పుస్తకాలు కాకుండా పోతాయి. పరీక్ష గైడు మాత్రం నిక్షేపంగా పుస్తకమే. ఐరోపా పాఠంలో మొదట ఈ-పుస్తకం సేవ అన్నారు. ఫ్రాన్సు, లక్సెంబర్గు పుస్తకాలకిచ్చే తక్కువ పన్నును దానికీ ఇస్తే 2015లో ఐరోపా న్యాయస్థానం కూడదంది. 2018లో ఆ దేశాలన్నీ కలిసి నియమాన్నే మార్చుకున్నాయి. బ్రిటన్ 2020 మే 1 నుంచి ఈ-పుస్తకం మీద పన్ను పూర్తిగా తీసేసింది. మన ప్రతిలో 18, 5 అన్న రెండు పాఠాలు కనిపిస్తున్నాయి. సున్నా అన్న పాఠం ఇంతవరకు ఇక్కడ దొరకలేదు.

తాత్పర్యం

కాగితమా తెరా అన్న భేదం మీద సూత్రం నిలబడింది, అక్కడ పుస్తకం తేలదు. బొటనవేలు పడిన స్కాను ప్రతి తెర మీదిదే అయినా దాన్ని దించుకుని దాచుకోవచ్చు, ఇంకొకడికి పంపొచ్చు, అసలు వెబ్‌సైటు మూతపడినా పదిచోట్ల నిలుస్తుంది. ఫుట్‌పాత్ మీది పుస్తకం ఏం చేయగలదో అది అదే చేస్తోంది. లైసెన్సు మీద చదివే నవల అంతకంటే ఎంతో ముచ్చటగా, బొటనవేళ్లు లేకుండా ఉంటుంది, ఇచ్చినవాడు తీసుకునేదాకానే ఉంటుంది. ఇచ్చినవాడు కొట్టు కట్టేశాక కూడా చదువరి దగ్గర మిగిలేదానికి 4901లోనే గడి ఇవ్వాలని, మిగలనిదానికి అద్దె అని పేరు పెట్టి అద్దె తీసుకోవాలని వ్యాఖ్యాత మతం. అయినా సూత్రం సవరించేదాకా అమల్లో ఉన్నది సూత్రమే, వ్యాఖ్య కాదు.

వినియోగం

అచ్చు లేకుండా తన మొదటి నవలను తెర మీదికే తెచ్చిన మాదాపూర్ ఉద్యోగి ఏం చెయ్యాలి? వంద రూపాయల నవలను పాఠకుడు పన్నుతో కలిపి 118కి కొనాలి. అదే అచ్చు ప్రతి ఉందని చూపగలిగితే 105. అచ్చు ప్రతులు ఎన్ని ఉండాలో సూత్రం చెప్పలేదు. కావలసినన్నే వేసిచ్చే ప్రింట్ ఆన్ డిమాండ్ ప్రెస్సులు ఇప్పుడున్నాయి. కాబట్టి శాస్త్రదృష్టిలో ఒక్క ప్రతి చాలు.

ఆ ఒక్క ప్రతి వేసిన క్షణం నుంచి 1954 చట్టం పట్టుకుంటుంది. ముప్పై రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతాకు ఒకటి, చెన్నైకి ఒకటి, ముంబయికి ఒకటి, ఢిల్లీకి ఒకటి పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం వెల. అంచేత ఒక్కటి కాదు, అయిదు ప్రతులు వేయించుకోవలెను, అయిదోది ఇంట్లో ఉంచుకోవలెను. తపాలా ఖర్చు నవల ధరలో కలుపుకొనవచ్చునా అన్నది చార్టర్డ్ అకౌంటెంటును అడిగి తెలుసుకొనవలెను.

ఇది ఔటర్‌రింగు వ్యాఖ్యలో ప్రథమాశ్వాసము. ఆడియో పుస్తకం విన్నవాడు చదివినవాడా కాదా అన్నది ద్వితీయాశ్వాసమున విచారింపబడును.